పచ్చి కార్జం, తడి స్పాంజి, జుట్టు వల

అమెరికాలో 1990ల మధ్యలో 'హాంటెడ్ అట్రాక్షన్' అనే పత్రిక ఒకటి మొదలైంది. పేరు చూసి దయ్యాల కథల పత్రిక అనుకుంటాం. అది దయ్యాల కొంపలు కట్టేవాళ్ళ పత్రిక. మన ఊళ్ళలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు జెయింట్ వీల్ పక్కన 'భూత్ బంగ్లా' అని బోర్డు కట్టి, టికెట్ తీసుకుని, చీకటి గదుల్లోంచి నడిపించి భయపెట్టే డేరాలు చూసే ఉంటారు. అక్టోబర్ 31న వచ్చే హాలోవీన్ కోసం అక్కడ ఇలాంటివి ప్రతి రాష్ట్రంలోనూ లేస్తాయి. కొన్ని వ్యాపారానికి, కొన్ని చర్చికో బడికో చందాలు పోగెయ్యడానికి, కొన్ని ఊరికే సరదాకి ఎవరింటి గరాజ్‌లో వాళ్ళు. ఈ చివరి రకం వాళ్ళు తమని 'హోం హాంటర్లు' అని పిలుచుకుంటారు.

పత్రిక పెట్టిన లెనార్డ్ పికెల్ ఆర్కిటెక్చర్ చదివినవాడు. గదుల్ని చదరాలుగా కాకుండా త్రిభుజాల గడిలో అమర్చే పద్ధతి ఆయన పేరుతోనే ప్రచారంలో ఉంది. అలా నిలబెడితే చెక్కగోడలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి, లోపల నడిచేవాళ్ళకి దిక్కు తెలియదు. ఈ అభిరుచి ఉన్నవాళ్ళ పత్రికల్లో నడిచే విషయాలన్నీ ఇలాంటివే. కారు అద్దం తుడిచే వైపర్ మోటారుతో దయ్యాన్ని గాల్లో ఆడించడం ఎలా? పొగయంత్రం పొగ నేలమీద పాకాలంటే దాన్ని ఐసు మీదుగా ఎలా పంపాలి? థెర్మోకోల్ చెక్కి సమాధిరాయి చెయ్యడం ఎలా? ముందు నడుస్తున్న గుంపు భయపడి ఆగిపోతే వెనకవాళ్ళని ఏం చెయ్యాలి?

తమ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ రంగంవాళ్ళకి ఒక వరస ఉంది. 1802లో పారిస్ నుంచి మైనపు తలల్ని ఇంగ్లండుకి తీసుకెళ్ళిన మదాం టుస్సో, 1915లో ఆర్టన్ అండ్ స్పూనర్ అనే ఇంగ్లీషు కంపెనీ జాతర్ల కోసం చేసిన ఆవిరియంత్రపు దయ్యాల ఇల్లు, 1969 ఆగస్టులో డిస్నీలాండ్‌లో తెరిచిన 'హాంటెడ్ మాన్షన్', ఆ తర్వాత మేము. వరసలో మొదటి పేరు ఆడమనిషిది. నిజమే. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళకి పైగా ఇంకో ఆడమనిషి కనబడదు. కనబడినా లియోటా టూంబ్స్ లాగా కనబడుతుంది. హాంటెడ్ మాన్షన్‌లో స్ఫటికగోళంలోంచి మాట్లాడే తలకాయ ఉంది గదా, ఆ ముఖం ఆమెది, గొంతు ఎలినార్ ఆడ్లీ అనే నటిది. టూంబ్స్ డిస్నీ సంస్థలో మోడళ్ళు చేసే పనిలో ఉండేది. చేతులతో పనిచేసిన మనిషి జనానికి ముఖంగా మిగిలింది.

నాకు దయ్యాల మీద ప్రత్యేకమైన మోజు లేదు. నేను చదువుకున్నది సాహిత్యం. నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న 'ఎలా చెయ్యాలి' అని చెప్పే రచన గురించి. ఊరగాయ ఎలా పెట్టాలి, స్వెట్టర్ ఎలా అల్లాలి, పిల్లల పుట్టినరోజుకి గది ఎలా అలంకరించాలి. స్త్రీల పత్రికల్లో సగం పేజీలు ఇవే. పత్రికల మీద పరిశోధన చేసేవాళ్ళు కథలూ సంపాదకీయాలూ ఏరుకుని ఈ పేజీలు తిప్పేస్తారు. వీటికి రచయిత్రి ఉంటుందని కూడా ఎవరికీ తోచదు. ఆ దృష్టితో చూస్తే, దయ్యాల కొంప కట్టేవాళ్ళ కోసం పత్రిక అనే ఆలోచన 1990లలో పుట్టలేదు. దాని మొదలు 1909లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగమ్ అనే ఊళ్ళో ఉంది.

ఆ ఊళ్ళో డెన్నిసన్ అనే కాగితం కంపెనీ ఉండేది. 1844లో నగలు పెట్టుకునే అట్టపెట్టెలు ఇంట్లో చేతులతో చేసి అమ్మడంతో మొదలైన వ్యాపారం అది. 1890లకి వాళ్ళు క్రేప్ కాగితం తయారుచెయ్యడం మొదలుపెట్టారు. పందిళ్ళకీ, బడి వార్షికోత్సవాలకీ మనమూ కట్టే ముడతల రంగుకాగితమే. కాగితం చేశారు సరే, కొనేవాళ్ళకి దాంతో ఏం చెయ్యాలో చెప్పాలి గదా. అందుకని చిన్న పుస్తకాలు వెయ్యడం మొదలుపెట్టారు. 1909లో హాలోవీన్ కోసమే ఒకటి వేశారు. పేరు 'బోగీ బుక్'. బోగీ అంటే పిల్లల్ని భయపెట్టే బూచి. మధ్యలో కొన్నేళ్ళు ఆగినా 1930ల మధ్యదాకా కొత్త కొత్త సంచికలు వస్తూనే ఉన్నాయి. వెల అయిదో పదో సెంట్లు.

ఏటా వచ్చేది, బొమ్మలతో వచ్చేది, చదివేది ఒక పనిలో చెయ్యి తిరగాలనుకునేవాళ్ళు, లోపల ప్రకటనలూ పాఠాలూ కలగలిసి ఉండేవి. దీన్ని పత్రిక అనడానికి నాకేం అభ్యంతరం లేదు. హాలు గోడల మీద నల్లపిల్లుల నీడబొమ్మలు ఎలా అతికించాలి, దీపాలకి నారింజరంగు కాగితం ఎలా చుడితే వెలుగు గుమ్మడికాయ లోపలి వెలుగులా ఉంటుంది, పాతబట్టతో లోపలంగీ కుట్టి దానిమీద కాగితాన్ని టాకాలేసి మంత్రగత్తె గౌను ఎలా తయారుచెయ్యాలి, బల్ల మధ్యలో ఏం పెట్టాలి, వచ్చినవాళ్ళతో ఏ ఆటలాడించాలి. కంపెనీ తన దుకాణాల్లో ఈ పని నేర్పించేది కూడా. ఈ పుస్తకాలు తిరగేస్తుంటే నన్ను ఆపిన సంగతి ఒకటి ఉంది. వాటిలో పాఠకురాలు అతిథి కాదు. లోపల ఏముందో ముందే తెలిసిన మనిషి. దీపం ఎప్పుడు తగ్గించాలో, తలుపు ఎప్పుడు తెరవాలో నిర్ణయించే మనిషి. భయపడవలసింది ఇతరులు.

ఇంకా ఓటుహక్కు రాని స్త్రీలు వాళ్ళు. అమెరికాలో దేశమంతటా అది వచ్చింది 1920లో. దాని ముందు సంవత్సరం, 1919లో, హాలోవీన్ చరిత్ర మీద మొట్టమొదటి పూర్తి పుస్తకం వచ్చింది. రాసింది అదే మసాచుసెట్స్‌లో లిన్ అనే ఊరి గ్రంథాలయంలో పనిచేసే రూత్ ఎడ్నా కెల్లీ. పండగ చేసే పుస్తకం, పండగ చరిత్ర పుస్తకం రెండూ ఒకే రాష్ట్రంలో పదేళ్ళ తేడాలో వచ్చాయి. రెండింటి పాఠకులూ దాదాపు వాళ్ళే.

1930ల ఆర్థికమాంద్యంలో ఈ పనికి ఇంకో బరువు తోడైంది. హాలోవీన్ రాత్రి మగపిల్లలు వీధులమీద పడి కిటికీలు పగలగొట్టడం, కంచెలు పీకడం, కార్లు బోర్లా తిప్పడం బాగా పెరిగిపోయింది. కొన్ని ఊళ్ళు పండగనే నిషేధించే ఆలోచన చేశాయి. దానికి దొరికిన పరిష్కారం తల్లులు. పిల్లల్ని వీధిలోంచి ఇంట్లోకి లాగడానికి ఇరుగుపొరుగు ఇళ్ళవాళ్ళు కలిసి పార్టీలు చెయ్యాలి. ఒక ఇంట్లో తిండి, ఒక ఇంట్లో ఆటలు, ఒక ఇంటి నేలమాళిగలో భయం. డబ్బు లేని రోజులు. ఉన్నవాటితోనే చెయ్యాలి.

హాలోవీన్ చరిత్రకారిణి లీసా మోర్టన్ పరిశోధనలో 1937 నాటి ఒక పార్టీ కరపత్రం ప్రస్తావన వస్తుంది. నేలమాళిగలో భయాల బాట ఎలా వెయ్యాలో అందులో ఉంది. చీకట్లో గోడ తడుముకుంటూ వచ్చేవాళ్ళ చేతికి తగిలేలా పాత ఉన్నితోలు, పచ్చి కార్జం ముక్కలు వేలాడదీయాలి. ముఖానికి తగిలేలా కప్పు నుంచి తడి స్పాంజీలు, జుట్టుకి కట్టుకునే వలలు వేలాడాలి. మూలల్లోంచి మూలుగులు రావాలి. దారి మూసేసి, సొరంగంలో పాకించాలి.

ఈ జాబితా నేను చాలాసార్లు చదివాను. కార్జం వంటింటిది. స్పాంజి గిన్నెలు తోమే చోటుది. వల అద్దం ముందుది. రోజూ కార్జం కోసే చెయ్యికి అది చీకట్లో ఎలా తగులుతుందో తెలుసు. అదే కాలం నుంచి అమెరికా ఇళ్ళలో ఆడుతున్న ఇంకో ఆట ఉంది. చీకట్లో 'చచ్చినవాడి ఒళ్ళు' అంటూ గిన్నెలు ఒకరి చేతిలోంచి ఒకరికి అందిస్తారు. తొక్క తీసిన ద్రాక్షలు కళ్ళు, చల్లారిన స్పెగెటీ పేగులు. కూరగాయలు తరిగి, మాంసం కడిగి, పిల్లల ముక్కులు తుడిచి, రోగుల మంచం శుభ్రం చేసే మనుషులకి శరీరం లోపల ఎలా ఉంటుందన్న విషయం కొత్తకాదు. ఆ తెలివినే ఒక్కరాత్రికి ఆటగా మార్చారు. భయం గురించి రాసే సాహిత్య విమర్శకులు ఎన్నో సిద్ధాంతాలు చేశారు గానీ, జారుడుగా చల్లగా ఉన్న వస్తువుని చీకట్లో ముట్టుకోవడం అనే ఈ చిన్న సూత్రాన్ని అచ్చులో పెట్టింది ఇలాంటి కరపత్రాలే.

1939లో 'అమెరికన్ హోం' పత్రికలో డోరిస్ హడ్సన్ మాస్ అనే ఆవిడ, కిటికీలకి సబ్బు పూసే పిల్లల బెడద తప్పించుకోవడానికి హాలోవీన్ రాత్రి ఇల్లు తెరిచిపెట్టడం గురించి రాసింది. 'ట్రిక్ ఆర్ ట్రీట్' అన్న మాట దేశమంతా చదివే పత్రికలో కనిపించిన తొలి సందర్భాల్లో అదొకటి. కనీసం ఆవిడ పేరు అచ్చయింది.

ఇదంతా కళ అని గానీ నైపుణ్యం అని గానీ ఎవరూ అనలేదు. ఆతిథ్యం అన్నారు. మన బొమ్మలకొలువు సంగతి ఆలోచించండి. మెట్లు కట్టడం, వరస పెట్టడం, కొండా చెరువూ కల్పించడం, చూసేవాళ్ళ కన్ను ఎటునుంచి ఎటు నడవాలో నిర్ణయించడం. దాన్ని 'ఇన్‌స్టలేషన్' అనాలంటే ముందు ఇంట్లోంచి బయటికి తీసుకుపోవాలి.

బయటికి పోయినప్పుడు ఏం జరిగిందో చూద్దాం. 1958లో 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్' పత్రిక వచ్చింది. ప్రచురణకర్త జేమ్స్ వారెన్, సంపాదకుడు ఫారెస్ట్ అకర్‌మన్. రబ్బరు ముఖాలు, ముసుగులు పోస్టులో తెప్పించుకునే ప్రకటనలతో నిండిన వెనక పేజీలతో ఒక తరం మగపిల్లలకి ఇది బైబిల్ అయింది. రాక్షసుల్ని చెయ్యడం ఒక వృత్తి, ఒక అభిరుచి అని వాళ్ళకి తెలిసింది దీనివల్లనే. దయ్యాల కొంపల రంగంలో పేరుపడ్డవాళ్ళు తమ బాల్యం గురించి చెబితే ఈ పత్రిక పేరు వచ్చితీరుతుంది. అకర్‌మన్‌కి ముందు నుంచీ ఒక కీర్తి ఉంది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకి ఆయన భవిష్యత్తు మనిషి వేషం వేసుకుని వెళ్ళాడు. ఈనాటి కాస్‌ప్లేకి ఆయన ఆద్యుడని చాలాకాలం రాశారు. ఆ బట్టలు కుట్టింది మర్టిల్ డగ్లస్. మొరోజో అన్న పేరుతో రాసేది. తన వేషం కూడా తనే కుట్టుకుని ఆయన పక్కనే నడిచింది. ఊరికే పక్కన నడిచిన మనిషి కూడా కాదు. ఎస్పెరాంటో భాషకి కార్యకర్త, అకర్‌మన్‌తో కలిసి 'వాయిస్ ఆఫ్ ది ఇమాజి-నేషన్' అనే అభిమానుల పత్రిక నడిపింది. ఈ మధ్యనే ఆమె పేరు తిరిగి వినబడుతోంది. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పటినుంచీ తెలుగులో మనం ఇలాంటి పేర్లకోసం వెతకడం నేర్చుకున్నాం. మొరోజో పేరు దొరకడానికి కారణం ఆమె పత్రిక నడపడమే. కుట్టుపని మాత్రమే చేసి ఉంటే దొరికేది కాదేమో.

1970లలో దయ్యాల కొంప నేలమాళిగ లోంచి పాడుబడ్డ గోదాముల్లోకి, ఖాళీ బడుల్లోకి వెళ్ళింది. దాన్ని దేశమంతా పాకించింది జేసీలు, అంటే అమెరికా జూనియర్ ఛాంబర్. సేవా కార్యక్రమాలకి డబ్బు పోగెయ్యడానికి ఊరూరా దయ్యాల కొంపలు పెట్టారు. ఇల్లినాయిలోని బ్లూమింగ్టన్ జేసీలు ఈ పని మీద చేతిపుస్తకం కూడా తయారుచేశారు. మళ్ళీ 'ఎలా చెయ్యాలి' పుస్తకమే. ఈసారి పాఠకులు మారారు. ఎందుకంటే జేసీల నియమాల ప్రకారం పూర్తి సభ్యత్వం 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళకే. ఆడవాళ్ళు అనుబంధ సభ్యులుగా ఉండొచ్చు. ఓటు లేదు, పదవి లేదు, అవార్డులు లేవు. మిన్నెసోటాలో రెండు శాఖలు ఆడవాళ్ళని పూర్తి సభ్యులుగా చేర్చుకుంటే జాతీయసంస్థ వాటిమీద చర్య తీసుకుంది. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1984 జులై 3న కోర్టు ఆడవాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. దయ్యాల కొంపల చరిత్ర రాసేవాళ్ళు జేసీల గురించి పేజీలు రాస్తారు. ఈ కేసు గురించి ఒక్క వాక్యం నాకు కనబడలేదు. వేషాలు కుట్టిన, రంగులు పూసిన, టికెట్లు చింపిన, పిల్లల్ని పట్టుకుని చీకట్లో నిలబడ్డ ఆడవాళ్ళు ఆ పదేళ్ళూ ఏ లెక్కలోకి వస్తారో చెప్పే వాక్యం అది.

అదే 1984లో, తీర్పుకి రెండు నెలల ముందు, మే 11 సాయంత్రం న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో 'హాంటెడ్ కాజిల్' తగలబడి ఎనిమిదిమంది టీనేజి పిల్లలు చనిపోయారు. ట్రెయిలర్లు జోడించి కట్టిన కొంప. లోపల నురుగు మెత్తలు. నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. దారి తెలియకుండా కట్టడం ఎంత ప్రమాదమో అప్పటికి గాని చట్టాలకి తెలిసిరాలేదు. ఆ తర్వాత భవన నిబంధనలు మారాయి. ఇలాంటి వాటికి స్ప్రింక్లర్లు, పొగ కనిపెట్టే పరికరాలు, అవసరమైతే ఒక్క మీటతో వెలిగే దీపాలు తప్పనిసరి అయ్యాయి. చందాల కోసం నడిపే చిన్న చిన్న కొంపలు ఆ ఖర్చు భరించలేక చాలా మూతపడ్డాయి. మిగిలినవాళ్ళు వ్యాపారస్తులయ్యారు, లేదా ఇంటి పెరట్లోకి వెనక్కి వెళ్ళారు. పాత కరపత్రం చాలని కాలం వచ్చింది. మంట అంటని రంగు ఎక్కడ దొరుకుతుంది, బీమా ఎవరిస్తారు, ఇన్‌స్పెక్టర్ ఏమడుగుతాడు అని ఒకరినొకరు అడుక్కునే అవసరం పుట్టింది. 1990ల పత్రిక ఆ అవసరంలోంచి వచ్చింది. ఆ మాటకొస్తే దాన్ని నేను చిన్నచూపు చూడలేను. భద్రత గురించి ఇంత శ్రద్ధగా, ఇంత వివరంగా, తమలో తాము రాసుకున్న రంగాలు ఎక్కువ లేవు.

కాకపోతే ఆ తరహా పేజీల్లో నాకు పాత పరిచయస్తులు కనబడ్డారు. ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని కుళ్ళిన శవంగా మార్చడానికి ఆడవాళ్ళ నైలాన్ మేజోళ్ళు సాగదీసి కప్పి, చింపి, లేటెక్సు పూస్తారు. గాల్లో తేలే దయ్యానికి పల్చటి గుడ్డని గంజిలో ముంచి ఆరబెడతారు. గుమ్మడికాయ తలలకి పిండి ఉడికించిన జిగురుతో కాగితం అంటిస్తారు. మేజోడు, గంజి, పిండి. ఇప్పుడు వీటిని 'టెక్నిక్' అంటారు. కనిపెట్టినవాడి పేరు పెడతారు.

ఇక ఇంకో చేతిపుస్తకం గురించి. భయపెట్టే విద్య చర్చిల్లోకీ వెళ్ళింది. జెర్రీ ఫాల్‌వెల్ అనుచరులు 1972లో వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో 'స్కేర్‌మేర్' మొదలుపెట్టారు. 1990లలో కొలరాడోకి చెందిన కీనన్ రాబర్ట్స్ అనే పాస్టర్ 'హెల్ హౌస్' అనే కార్యక్రమానికి మాన్యువల్, శబ్దాల రికార్డింగు అన్నీ కలిపి ఒక పెట్టెగా అమ్మడం మొదలుపెట్టాడు. కొన్న చర్చి తన ఊళ్ళో అదే కొంప కట్టుకోవచ్చు. గది గదికీ ఒక పాపం, చివర నరకం. గర్భస్రావం గది అందులో ముఖ్యమైనది. బల్లమీద అరుస్తున్న అమ్మాయి, నెత్తురు, డాక్టరు. పిండాన్ని చూపించడానికి మాంసం ముక్కలు వాడమని అందులో సూచన ఉంటుంది. టెక్సాస్‌లో ఒక చర్చి నడిపిన హెల్ హౌస్ మీద జార్జ్ రాట్లిఫ్ 2001లో డాక్యుమెంటరీ తీశాడు. అందులో ఆ అమ్మాయి పాత్రల కోసం పదహారు పదిహేడేళ్ళ పిల్లలు ఉత్సాహంగా పోటీ పడతారు. చూడడానికి వచ్చేవాళ్ళదీ అదే వయసు. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావానికి ఉన్న రాజ్యాంగరక్షణ తీసేశాక టెక్సాస్‌లో దాదాపు పూర్తి నిషేధం అమల్లో ఉంది. ఆ తీర్పు ఈ కొంపలవల్ల వచ్చిందని నేననను. ఆ గదిలోంచి నడిచి వెళ్ళిన ఆడపిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉంటారు. కొందరు అక్కడ ఓటర్లు, కొందరు అక్కడ తల్లులు.

1937 కరపత్రం కూడా మాంసమే వాడమంది. అక్కడ చీకట్లో దాన్ని వేలాడదీసే మనిషి ఆ ఇంటి ఆడమనిషి. ముట్టుకుని కెవ్వుమన్నవాడు దీపం వెలిగాక అది కార్జం అని చూసి నవ్వుతాడు. పాస్టర్ పెట్టెలో దీపం వెలిగే ఏర్పాటు లేదు. మాంసం అని చెప్పేవాళ్ళుండరు. వేలాడదీసేదీ ఆమె కాదు, బల్లమీద పడుకునేది ఆమె. బోగీ బుక్ పాఠకురాలికి ఉన్న ఆ ఒక్క సౌకర్యం, లోపల ఏముందో ముందే తెలిసి ఉండడం, ఈ అమ్మాయి దగ్గర్నుంచి లాక్కున్నారు.

డెన్నిసన్ కంపెనీ 1990లో ఏవరీ కంపెనీలో కలిసిపోయింది. దాని పాత కాగితాలు ఫ్రేమింగమ్ హిస్టరీ సెంటర్‌లో ఉన్నాయి. బోగీ బుక్కులు ఇప్పుడు పాత వస్తువులు సేకరించేవాళ్ళ మధ్య మంచి ధర పలుకుతాయి. నేను చూసిన సంచికల్లో అట్టమీద కంపెనీ పేరు ఉంది, వెల ఉంది, నల్లపిల్లి ఉంది. రాసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. ఎవరైనా ఆ ఊరు వెళ్ళి ఆ సంవత్సరాల జీతాల పట్టీలు తీసి చూడాలి. కుట్టు తెలిసినవాళ్ళయితే మంచిది. టాకా ఎక్కడ వెయ్యమన్నారో చూసి, అది చేసి చూసి రాసిందో, చెప్పగా విని రాసిందో వాళ్ళు పట్టుకోగలరు.